జావా వెబ్ అప్లికేషన్లలో డైనమిక్ ఫారాలు: ఫీల్డులు, వాలిడేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నవారి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏళ్లుగా కోడ్ రాస్తున్నవారి వరకు డైనమిక్ ఫారాల విషయంలో అడిగే సందేహాలు దాదాపు ఒకటే. వాటిని పని సాగే క్రమంలో ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణకు ఒకే ఫారం తీసుకున్నాను: హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం తన నివాసితుల వివరాలు నమోదు చేసుకునే ఫారం. అందులో ఫ్లాటు నంబరు, కుటుంబ సభ్యులు, వాహనాలు, అద్దెకు ఉంటే యజమాని వివరాలు ఉంటాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

డైనమిక్ ఫీల్డు అని దేనిని అంటారు?

పేజీ తయారైనప్పుడు ఎన్ని ఫీల్డులు ఉంటాయో, ఏవి ఉంటాయో ముందుగా తెలియకపోతే అది డైనమిక్ ఫారం. ఇందులో మూడు రకాలు ఉన్నాయి. మొదటిది, ‘మరో సభ్యుణ్ణి చేర్చు’ అని నొక్కితే పెరిగే వరుసలు. రెండోది, ‘అద్దెకు ఉంటున్నాం’ అని ఎంచుకుంటేనే కనిపించే ఫీల్డులు. మూడోది, ఏ ఫీల్డులు ఉండాలో అడ్మిన్ నిర్ణయించి డేటాబేస్‌లో పెట్టే ఫారం. మొదటి రెండింటిలో ఫీల్డుల ఆకారం ప్రోగ్రామర్‌కు తెలుసు, సంఖ్యే తెలియదు. మూడోదానిలో ఆకారం కూడా తెలియదు. కోడ్ రాసే పద్ధతి ఈ తేడాను బట్టే మారుతుంది కాబట్టి మీది ఏ రకమో ముందే తేల్చుకోండి.

జావాస్క్రిప్ట్‌లో అన్నీ తనిఖీ చేశాను. సర్వర్‌లో మళ్లీ ఎందుకు?

బ్రౌజర్‌లో చేసే తనిఖీ వినియోగదారుడి సౌకర్యం కోసం. తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది, పేజీ మళ్లీ లోడయ్యే దాకా ఆగక్కర్లేదు. కానీ డెవలపర్ టూల్స్ తెరిచి ‘రిక్వయర్డ్’ అనే గుణాన్ని తీసేయడానికి అర నిమిషం చాలు. అసలు బ్రౌజరే లేకుండా కర్ల్, పోస్ట్‌మ్యాన్ వంటి రిక్వెస్టులు పంపే సాధనాలతో అదే యూఆర్‌ఎల్‌కు ఏదైనా పంపవచ్చు. డైనమిక్ ఫారంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఎన్ని వరుసలు పంపాలో, వాటి పేర్లు ఏమిటో కూడా పంపేవారి చేతిలోనే ఉంటుంది. ఏ ఫీల్డులు రావాలో సర్వర్‌కు సొంతంగా తెలిసి ఉండాలి. వచ్చినవాటిని చూసి ‘ఇవే కాబోలు ఫారం’ అని అనుకునే కోడ్‌ను నేను ఏ సమీక్షలోనూ ఒప్పుకోను.

స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ లేకుండా సర్వ్‌లెట్, జేఎస్‌పీలతోనే చేయవచ్చా?

చేయవచ్చు. గెట్‌పారామీటర్‌మ్యాప్ అన్ని పేర్లనూ విలువలనూ ఇస్తుంది. వాటిని వస్తువులుగా (ఆబ్జెక్టులుగా) మార్చే పని మాత్రం మీరే రాసుకోవాలి. @ గుర్తుతో ఫీల్డుల మీద నియమాలు రాసే బీన్ వాలిడేషన్ యానొటేషన్లు స్ప్రింగ్‌కు సంబంధించినవి కావు. హైబర్నేట్ వాలిడేటర్ లైబ్రరీ చేర్చుకుని, వాలిడేటర్‌ను తెచ్చుకుని, వాలిడేట్ మెథడ్‌ను మీ సర్వ్‌లెట్‌లోనే పిలుచుకోవచ్చు. నేర్చుకునే దశలో ఒకసారి ఇలా చేసి చూస్తే, తరువాత స్ప్రింగ్ తెర వెనుక ఏం చేస్తోందో బాగా అర్థమవుతుంది.

మా ఆఫీసులో ఇంకా స్ట్రట్స్ 1 అనే పాత వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఉంది. ఏం చేయాలి?

స్ట్రట్స్ 1కు మద్దతు 2013లోనే ముగిసింది. కొత్త డైనమిక్ ఫారాన్ని అందులో కట్టకండి. పాతదాన్ని నడపక తప్పకపోతే, యాక్షన్‌ఫారంలోని లిస్టు అడిగిన సూచిక (ఇండెక్స్) దాకా తనంతట తాను పెరిగేలా రాయాలి. లేకపోతే లిస్టులో ఇంకా లేని వరుస దగ్గర ఎక్సెప్షన్ వస్తుంది. ఆ పెరుగుదలకు ఒక పరిమితి కూడా పెట్టండి.

## ఫీల్డులకు పేర్లు పెట్టేటప్పుడు, వరుసలు చేర్చేటప్పుడు

అన్ని వరుసలకూ ఒకే పేరు పెట్టి గెట్‌పారామీటర్‌వాల్యూస్‌తో తీసుకుంటే సరిపోదా?

వరుసలో ఒక్క ఫీల్డే ఉంటే సరిపోతుంది. ఫోన్ నంబర్ల జాబితా అలాంటిదే. వరుసలో రెండు ఫీల్డులు ఉన్నాయంటే ఈ పద్ధతి ఏదో ఒక రోజు చెడుతుంది.

ఎలా చెడుతుందో చూడండి. ముగ్గురు సభ్యులు: లక్ష్మి, రవి, అనిత. ప్రతి వరుసలో పేరుతోపాటు ‘18 ఏళ్లు నిండాయి’ అనే చెక్‌బాక్స్ ఉంది. లక్ష్మికి, అనితకు టిక్కు పెట్టారు. రవి పిల్లవాడు, అతనికి పెట్టలేదు. టిక్కు లేని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. అందువల్ల సర్వర్‌కు పేర్ల వరుసలో మూడు విలువలు, టిక్కుల వరుసలో రెండే విలువలు చేరతాయి. మొదటి పేరుకు మొదటి టిక్కు, రెండో పేరుకు రెండో టిక్కు అని కోడ్ జోడించుకుంటూ పోతే రవి పెద్దవాడైపోతాడు, అనిత చిన్నపిల్ల అవుతుంది. ఎక్సెప్షన్ రాదు, లాగ్‌లో ఏమీ కనిపించదు. సంఘం ఎన్నికల్లో ఓటర్ల జాబితా తీసినప్పుడే ఎవరో ఒకరు గుర్తిస్తారు.

అందుకే ప్రతి ఫీల్డు పేరులో వరుస సూచిక ఉండాలి: సభ్యులు[0].పేరు, సభ్యులు[0].వయోజనులు, సభ్యులు[1].పేరు, ఇలా. ఏ విలువ ఏ వరుసదో పేరే చెబుతుంది. స్ప్రింగ్ ఈ పేర్లను చూసి లిస్టులోని వస్తువులను తానే నింపుతుంది.

మధ్య వరుస తీసేస్తే సర్వర్‌లో ఖాళీ వస్తువు ఎందుకు వస్తోంది?

0, 1, 2 సూచికలతో మూడు వరుసలున్నాయి. వినియోగదారుడు 1ని తీసేశాడు. ఇప్పుడు 0, 2 మాత్రమే వస్తాయి. స్ప్రింగ్ 2 దాకా లిస్టును పెంచుతూ మధ్యలో ఒక ఖాళీ వస్తువును పెడుతుంది. ఆ క్లాసులో పేరుకు @నాట్‌బ్లాంక్ (ఖాళీగా ఉండకూడదనే నియమం) ఉంటే, తెరమీద లేని వరుసకు ‘పేరు తప్పనిసరి’ అని ఎర్రర్ వస్తుంది. ఫారం ఎందుకు ముందుకు వెళ్లడం లేదో పాపం వినియోగదారుడికి అర్థం కాదు.

పంపే ముందు జావాస్క్రిప్ట్‌తో సూచికలను మళ్లీ వరుసగా మార్చడం చాలామంది చేసే పని. చేయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. సర్వర్‌లో కంట్రోలర్ పారామీటర్ మీది, తనిఖీ చేయమని చెప్పే @వాలిడ్‌ను తీసేసి, ముందు బైండింగ్ (వచ్చిన విలువలను ఫారం వస్తువులో నింపడం) జరగనివ్వండి. తరువాత పూర్తిగా ఖాళీగా ఉన్న వరుసలను తొలగించి, అప్పుడు వాలిడేటర్‌ను మీరే పిలిచి ఫలితాన్ని తప్పుల జాబితా ఉండే బైండింగ్‌రిజల్ట్‌లో వేయించండి. ఒక జాగ్రత్త: డేటాబేస్ ఐడీ ఉండి మిగతావి ఖాళీగా ఉన్న వరుస ఖాళీ వరుస కాదు. అది పాత సభ్యుడి వివరాలు చెరిపేసిన వరుస. దాన్ని నిశ్శబ్దంగా పారేయకుండా ఎర్రర్ చూపండి.

వరుసలు 256 దాటితే ఎక్సెప్షన్ వస్తోంది. ఏదైనా బగ్గా?

బగ్ కాదు. స్ప్రింగ్ బైండర్ లిస్టులను తనంతట తాను పెంచడానికి పెట్టుకున్న పరిమితి 256. ఈ పరిమితి లేకపోతే, ఎవరైనా పది కోట్ల సూచికతో ఒక్క ఫీల్డు పంపితే చాలు, సర్వర్ అన్ని వస్తువులనూ సృష్టించబోయి మెమరీ అయిపోయి కూలుతుంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో అన్ని ఫ్లాట్లనూ ఒకే ఫారంలో నింపించాలంటే బైండింగ్ అమరికలు చేసే @ఇనిట్‌బైండర్ మెథడ్‌లో ఆటోగ్రోకలెక్షన్‌లిమిట్ పెంచుకోవచ్చు. నా సలహా అడిగితే, 300 వరుసల ఫారం మనిషి నింపదగినది కాదు. ఎక్సెల్ అప్‌లోడ్ ఇవ్వండి, లేదా పేజీలుగా విడగొట్టండి.

టిక్కు తీసేసి సేవ్ చేసినా పాత టిక్కే మిగిలిపోతోంది. ఎందుకు?

టిక్కు లేని చెక్‌బాక్స్ రిక్వెస్టులో రాదు. డేటాబేస్ నుంచి తెచ్చిన వస్తువు మీదే బైండింగ్ చేస్తుంటే, రాని ఫీల్డును స్ప్రింగ్ ముట్టుకోదు, పాత విలువ అలాగే ఉంటుంది. అందుకే స్ప్రింగ్‌లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే హిడెన్ ఫీల్డు పద్ధతి ఉంది. అది ఉంటే ‘ఈ చెక్‌బాక్స్ పేజీలో ఉంది, టిక్కు మాత్రం లేదు’ అని బైండర్‌కు తెలుస్తుంది. స్ప్రింగ్ ఫారం ట్యాగులు, థైమ్‌లీఫ్ టెంప్లేట్లలోని ఫీల్డు గుణం దీన్ని తామే చేరుస్తాయి. జావాస్క్రిప్ట్‌తో చేర్చే కొత్త వరుసల్లో దాన్ని మీరే పెట్టాలి. చాలామంది మరిచిపోయేది సరిగ్గా అక్కడే.

ఫీల్డు తెరమీద కనిపిస్తోంది, సర్వర్‌లో నల్ (విలువే లేదని) వస్తోంది. ఎక్కడ వెతకాలి?

ఈ క్రమంలో చూడండి. ఫీల్డుకు ‘నేమ్’ ఉందా? ‘ఐడీ’ మాత్రమే ఉంటే బ్రౌజర్ పంపదు. ఫీల్డు ‘డిజేబుల్డ్’గా ఉందా? అలాంటివి పంపబడవు, ‘రీడ్‌ఓన్లీ’ అయితే వెళ్తాయి. జావాస్క్రిప్ట్ కొత్త వరుసను ఫారం ట్యాగు బయట చేర్చిందా? ఫారం మల్టీపార్ట్ రకమై, మీ సర్వ్‌లెట్‌కు @మల్టీపార్ట్‌కాన్ఫిగ్ లేకపోయినా గెట్‌పారామీటర్ నల్ ఇస్తుంది. ఇవన్నీ ఊహించుకునే బదులు బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో అసలు ఏం వెళ్లిందో చూడడం మేలు. అక్కడ లేనిది సర్వర్‌లో దొరకదు.

తెలుగులో టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు, పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.

పోస్ట్ రిక్వెస్టులో ఎన్‌కోడింగ్ చెప్పకపోతే సర్వ్‌లెట్ ప్రమాణం ప్రకారం ఐఎస్‌ఓ-8859-1 అనుకుంటారు. మొదటి పారామీటర్ చదవడానికి ముందే సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్‌తో యూటీఎఫ్-8 అని చెప్పాలి, తరువాత చెబితే ఫలితం ఉండదు. అందుకే దీన్ని అన్నిటికన్నా ముందు నడిచే ఫిల్టర్‌లో పెడతారు. స్ప్రింగ్ బూట్ ఆ ఫిల్టర్‌ను తానే పెడుతుంది. పిచ్చి అక్షరాలు కాక వరుసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే, ఎక్కువ సందర్భాల్లో తప్పు డేటాబేస్ కాలమ్‌దో కనెక్షన్‌దో అయి ఉంటుంది.

## వాలిడేషన్ రాసేటప్పుడు

పై ఫీల్డులకు తప్పులు పట్టుకుంటోంది, లిస్టులోని వరుసలను పట్టించుకోవడం లేదు. ఎందుకు?

కంట్రోలర్‌లో ఫారం మీద @వాలిడ్ పెట్టినంత మాత్రాన లోపలి లిస్టులోకి తనిఖీ దిగదు. ఫారం క్లాసులో సభ్యుల లిస్టు మీద కూడా @వాలిడ్ ఉండాలి. 2017లో వచ్చిన బీన్ వాలిడేషన్ 2.0 నుంచి దాన్ని కోణపు బ్రాకెట్ల లోపల కూడా రాయవచ్చు: లిస్ట్<@వాలిడ్ సభ్యుడు>. ఫోన్ నంబర్ల వంటి మామూలు స్ట్రింగుల లిస్టుకైతే లిస్ట్<@నాట్‌బ్లాంక్ స్ట్రింగ్> అని రాస్తే ప్రతి విలువనూ విడిగా చూస్తుంది. అసలు వరుసలే లేకపోతే తప్పు అనాలంటే లిస్టు మీద @నాట్‌ఎంప్టీ, గరిష్ఠ సంఖ్యకు @సైజ్ వేరుగా పెట్టాలి.

జేసన్‌గా నేరుగా లిస్టునే పంపే ఏపీఐలో మరో చిక్కు ఉంది. రిక్వెస్ట్ బాడీగా వచ్చే లిస్టులోని వస్తువులను స్ప్రింగ్ 6.1కు ముందు @వాలిడ్ ఒక్కటే తనిఖీ చేసేది కాదు. పాత వెర్షన్‌లో ఉన్నవారు కంట్రోలర్ క్లాసు మీద @వాలిడేటెడ్ పెట్టాలి, లేదా లిస్టును ఒక క్లాసులో చుట్టాలి.

నాట్‌నల్, నాట్‌ఎంప్టీ, నాట్‌బ్లాంక్: ఏది ఎక్కడ?

ఖాళీగా వదిలిన టెక్స్ట్ ఫీల్డు నల్‌గా రాదు, ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. అందువల్ల @నాట్‌నల్ దాన్ని సరే అంటుంది. @నాట్‌ఎంప్టీ ఖాళీ స్ట్రింగ్‌ను పట్టుకుంటుంది కానీ నాలుగు స్పేసులు కొడితే వదిలేస్తుంది. మనుషులు టైప్ చేసే ఫీల్డుకు @నాట్‌బ్లాంక్, లిస్టుకు @నాట్‌ఎంప్టీ, తేదీకీ సంఖ్యకూ @నాట్‌నల్ వాడండి.

ఐచ్ఛికమైన ఫీల్డు ఖాళీగా వదిలినా ప్యాటర్న్ ఎర్రర్ వస్తోంది.

@ప్యాటర్న్ నల్‌ను ఒప్పుకుంటుంది, ఖాళీ స్ట్రింగ్‌ను ఒప్పుకోదు. @ఇనిట్‌బైండర్‌లో స్ట్రింగ్‌ట్రిమ్మర్‌ఎడిటర్‌ను ‘ట్రూ’ విలువతో నమోదు చేయండి. ముందూ వెనుకా స్పేసులు పోతాయి, ఖాళీవి నల్ అవుతాయి.

స్ప్రింగ్ బూట్ వెర్షన్ మార్చాక ఒక్క తనిఖీ కూడా జరగడం లేదు. ఎర్రర్ కూడా లేదు.

రెండు కారణాలు సాధారణం. 2020లో వచ్చిన 2.3 నుంచి వెబ్ స్టార్టర్‌లో వాలిడేషన్ భాగం లేదు, వాలిడేషన్ స్టార్టర్‌ను విడిగా చేర్చాలి. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 నుంచి ప్యాకేజీ పేరు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారింది. ఏదో పాత డిపెండెన్సీ వల్ల జావాఎక్స్ యానొటేషన్లు క్లాస్‌పాత్‌లో మిగిలి ఉంటే కోడ్ చక్కగా కంపైల్ అవుతుంది, కానీ కొత్త వాలిడేటర్ వాటిని గుర్తించదు. ప్రాజెక్టు మొత్తంలో పాత ఇంపోర్ట్‌ల కోసం ఒకసారి వెతకండి.

‘అద్దెకు ఉంటున్నాం’ అంటేనే యజమాని పేరు తప్పనిసరి కావాలి. ఎలా?

ఒక ఫీల్డు మీద పెట్టే యానొటేషన్‌కు పక్క ఫీల్డు కనిపించదు. కాబట్టి క్లాసు మీద పెట్టే సొంత యానొటేషన్ రాయాలి. దాని వాలిడేటర్‌కు వస్తువు మొత్తం అందుతుంది. నివాస రకం ‘అద్దె’ అయి, యజమాని పేరు ఖాళీగా ఉంటే తప్పు అని చెప్పాలి. అప్పుడు ఎర్రర్ క్లాసు పేరు మీద నమోదవుతుంది, ఫీల్డు పక్కన కనిపించదు. డిఫాల్ట్ సందేశాన్ని ఆపి, యాడ్‌ప్రాపర్టీనోడ్‌తో యజమాని పేరు ఫీల్డుకు తగిలిస్తేనే సరైన చోట వస్తుంది. షరతులు రెండు మూడే ఉన్నప్పుడు వాలిడేషన్ గ్రూపులకన్నా ఈ పద్ధతే చదవడానికి తేలిక.

ఇంకొకటి. ముందు ‘అద్దె’ ఎంచుకుని యజమాని వివరాలు నింపి, తరువాత ‘సొంతం’ అని మార్చినవారు ఉంటారు. సీఎస్‌ఎస్‌తో దాచిన ఫీల్డుల విలువలు అప్పటికీ సర్వర్‌కు వస్తాయి. సేవ్ చేసే ముందు వాటిని సర్వర్‌లో నల్ చేయండి. లేకపోతే సొంత ఇంట్లో ఉన్నవారికి వేరే యజమాని తగులుకుంటాడు.

సబ్మిట్ నొక్కితే ఏమీ జరగడం లేదు, ఎర్రర్ కూడా కనిపించడం లేదు.

దాచిన ఫీల్డు మీద ‘రిక్వయర్డ్’ ఉందేమో చూడండి. బ్రౌజర్ దాన్ని తప్పు అంటుంది, కానీ కనిపించని చోట సందేశం చూపలేదు. క్రోమ్ కన్సోల్‌లో మాత్రం ఒక వాక్యం ఉంటుంది. ఫీల్డులను దాచేటప్పుడు వాటిని చుట్టిన ఫీల్డ్‌సెట్‌ను డిజేబుల్ చేస్తే తనిఖీ ఆగుతుంది, విలువలు వెళ్లడం కూడా ఆగుతుంది.

జిల్లా, మండలం డ్రాప్‌డౌన్‌లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. సర్వర్‌లో ఏం చూడాలి?

మండలం కోడ్ ఉందా అని చూస్తే చాలదు, అది ఎంచుకున్న జిల్లాలోనిదేనా అని డేటాబేస్‌లో చూడాలి. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నప్పుడు జిల్లా మారినా పాత మండలాల జాబితా తెరమీద ఉండిపోతుంది. హైదరాబాద్ జిల్లాకు శంషాబాద్ మండలం జతపడడానికి దురుద్దేశం అక్కర్లేదు, సిగ్నల్ బలహీనంగా ఉంటే చాలు. తెలంగాణలో జిల్లాలు 33. ఆ జాబితాను కోడ్‌లో కాక టేబుల్‌లో పెట్టండి, ఎందుకంటే 2014లో అవి 10 మాత్రమే.

ఒకే ఫోన్ నంబరు రెండు వరుసల్లో ఇస్తే ఎలా పట్టుకోవాలి?

ఫారం క్లాసు మీద పెట్టే వాలిడేటర్‌లో లిస్టును తిరుగుతూ హ్యాష్‌సెట్‌లో చేర్చండి. యాడ్ మెథడ్ ‘ఫాల్స్’ ఇచ్చిన వరుసే పునరావృతం. పోల్చే ముందు స్పేసులు, +91 తీసేయండి. తెలుగు పేర్లను పోల్చేటప్పుడు నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే యూనికోడ్ రూపంలోకి మార్చండి.

ఏ ఫీల్డులు ఉండాలో అడ్మిన్ డేటాబేస్‌లో పెడతాడు. అప్పుడు యానొటేషన్లు ఎలా పెట్టాలి?

పెట్టలేరు. క్లాసే లేనప్పుడు యానొటేషన్‌కు చోటు లేదు. ఇక్కడ ఫీల్డు నిర్వచనమే నియమం: కోడ్, రకం, తప్పనిసరా, గరిష్ఠ పొడవు, అనుమతించిన విలువలు. వీటిని ఒక టేబుల్‌లో పెట్టి, వాటిని చదివి తనిఖీ చేసే చిన్న వాలిడేటర్‌ను మీరే రాయండి. రకానికి ఒక క్లాసు: సంఖ్యకు ఒకటి, తేదీకి ఒకటి, జాబితాకు ఒకటి.

అందులో లూప్ తిరగాల్సింది నిర్వచనాల మీద, రిక్వెస్టులో వచ్చిన పారామీటర్ల మీద కాదు. వచ్చినవాటి మీద తిరిగితే, రాని తప్పనిసరి ఫీల్డును ఎవరూ అడగరు. నిర్వచనాల మీద తిరిగితే అది దొరుకుతుంది, నిర్వచనంలో లేని అదనపు పేరు కూడా తనంతట తానే పక్కకు పోతుంది.

నిర్వచనానికి వెర్షన్ ఉంచండి. ఒకరు ఉదయం ఫారం తెరిచి, మధ్యలో ఫోన్ వచ్చి ఆగి, అరగంట తరువాత పంపుతారు. ఈలోపు అడ్మిన్ కొత్త తప్పనిసరి ఫీల్డు చేర్చితే, తాము చూడని ఫీల్డు నింపలేదని వారిని తప్పుబట్టడం అన్యాయం. ఏ వెర్షన్ చూపించారో ఆ వెర్షన్‌తోనే తనిఖీ చేయండి, లేదా ‘ఫారం మారింది’ అని చెప్పి, వారు నింపినవి అలాగే ఉంచి, కొత్త ఫీల్డు మాత్రమే అడగండి.

అడ్మిన్ చేత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాయించకండి. పునరావృతంలో పునరావృతం ఉన్న నమూనా పొడవైన ఇన్‌పుట్ మీద జావా ఇంజిన్‌ను నిమిషాల తరబడి తిప్పగలదు, ఆ సేపంతా సీపీయూలో ఒక కోర్ దానికే పోతుంది. పిన్ కోడ్, మొబైల్, వాహనం నంబరు వంటి సిద్ధమైన నమూనాల నుంచి ఎంచుకోనివ్వండి. నమూనాతో పోల్చే ముందే పొడవు చూడండి.

## మన ఊరి వివరాలు తనిఖీ చేసేటప్పుడు

పేరుకు ఏ నమూనా పెట్టాలి? తెలుగు పేర్లన్నీ తప్పు అంటోంది.

ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే అనుమతించే నమూనా తెలుగును ఒప్పుకోదు, సరే. ‘ఏ భాష అక్షరమైనా’ అనే యూనికోడ్ లెటర్ తరగతి పెట్టినా ‘రవి’ తప్పు అంటుంది. ఎందుకంటే గుడి, కొమ్ము, పొల్లు వంటి గుర్తులు లెటర్ తరగతిలో లేవు, మార్క్ తరగతిలో ఉన్నాయి. రెండు తరగతులూ కలపాలి. అప్పటికీ ‘రాజ్‌కుమార్’ తప్పు అనవచ్చు. ఆ పేరులో జ్ తరువాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, అది రెండు తరగతుల్లోనూ లేదు. దాన్నీ, స్పేసునూ, చుక్కనూ చేర్చండి. మన ఇంటిపేర్లు పొడి అక్షరాలుగా వస్తాయి కాబట్టి చుక్క లేకపోతే ‘కె. లక్ష్మి’ నమోదు కాదు. ఇంటిపేరు ఫీల్డుకు కనీసం రెండు అక్షరాలు అనే షరతు పెట్టకండి.

పొడవు విషయం కూడా గమనించండి. ‘శ్రీనివాస్’ కంటికి నాలుగు అక్షరాలు. జావా లెంగ్త్ మెథడ్ 10 అంటుంది. యూటీఎఫ్-8లో అది 30 బైట్లు. @సైజ్ గరిష్ఠం 20, డేటాబేస్ కాలమ్ 20 బైట్లు అయితే వాలిడేషన్ దాటిన పేరు ఇన్‌సర్ట్‌లో విఫలమవుతుంది. ఒరాకిల్‌లో కాలమ్ పొడవు మామూలుగా బైట్లలోనే ఉంటుంది, ‘క్యార్’ అని చెప్పి సృష్టించాలి.

తన పేరు తన లిపిలో రాసుకున్న మనిషికి ‘చెల్లని పేరు’ అని చూపించే ఫారం కన్నా, తనిఖీ కొంచెం వదులుగా ఉన్న ఫారం వెయ్యి రెట్లు నయం.

హైదరాబాద్ ఇంటి నంబర్లకు నమూనా ఏమిటి?

గట్టి నమూనా పెట్టకండి. పాత వార్డుల నంబర్లలో గీతలు, వాలు గీతలు, చివర అక్షరాలు అన్నీ ఉంటాయి: 1-2-34/5/ఎ లాంటివి. కొత్త అపార్ట్‌మెంట్లలో బ్లాకు పేరు, ఫ్లాటు నంబరు, ప్లాటు నంబరు కూడా చేరతాయి. ఖాళీ కాకూడదు, పొడవు మించకూడదు, కంట్రోల్ క్యారెక్టర్లు ఉండకూడదు. అంతకుమించి అడగవద్దు.

వాహనం నంబరు టీజీతోనే మొదలవ్వాలని పెట్టాను. సరేనా?

సరికాదు. టీజీ కోడ్ 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు వచ్చింది. అంతకుముందు టీఎస్, 2014కు ముందు ఏపీ. మూడూ నగర రోడ్ల మీద తిరుగుతున్నాయి. ఇతర రాష్ట్రాల బండ్లు, 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ కూడా ఉన్నాయి, ఆ సిరీస్‌లో సంవత్సరం అంకెలు ముందు వస్తాయి. గీతలు, స్పేసులు తీసేసి పెద్ద అక్షరాల్లోకి మార్చాకే పోల్చండి.

పిన్ కోడ్, మొబైల్, పాన్, ఆధార్: వీటికి ఏం చూడాలి?

పిన్ ఆరు అంకెలు, మొదటిది సున్నా కాదు. చాలామంది ‘500 001’ అని మధ్యలో ఖాళీ ఇస్తారు, దాన్ని తీసేసి చూడండి. మొబైల్ పది అంకెలు, 6 నుంచి 9లోపు అంకెతో మొదలవుతుంది. పాన్ పది స్థానాలు: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం. వ్యక్తులకు నాలుగో అక్షరం ‘పీ’. ఆధార్ 12 అంకెలు, చివరిది వెర్‌హోఫ్ పద్ధతి తనిఖీ అంకె. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టిస్తుంది. అపార్ట్‌మెంట్ సంఘం ఫారంలో ఆధార్ ఎందుకు అని మాత్రం ముందు అడగండి. అవసరం లేని వివరాన్ని సేకరించకపోవడమే దానికి సరైన రక్షణ. వీటన్నిటినీ స్ట్రింగులుగానే ఉంచండి.

ఒక సూక్ష్మం: జావా పార్స్‌ఇంట్ తెలుగు అంకెలను కూడా చదువుతుంది, ‘౧౨’ ఇస్తే 12 వస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లోని అంకెల గుర్తు మాత్రం మామూలుగా వాటిని ఒప్పుకోదు. రెండింటినీ కలిపి వాడితే ఒకచోట చెల్లినది మరోచోట చెల్లదు.

‘1,50,000’ అని రాస్తే సంఖ్య కాదంటోంది.

బిగ్‌డెసిమల్ కన్‌స్ట్రక్టర్ కామాలను ఒప్పుకోదు. కామాలు తీసేసి ఇవ్వండి. నంబర్‌ఫార్మాట్ పార్స్ వాడితే అది ‘150కిలో’ నుంచి కూడా 150 తీసుకుని ఊరుకుంటుంది. స్ట్రింగ్ చివరి దాకా చదివిందో లేదో పార్స్‌పొజిషన్‌తో చూడాలి.

31 ఫిబ్రవరి అని ఇస్తే ఎర్రర్ రాకుండా 29 ఎలా అయింది?

డేట్‌టైమ్‌ఫార్మాటర్ మామూలుగా ‘స్మార్ట్’ పద్ధతిలో నడుస్తుంది, 31 లోపు రోజును ఆ నెల చివరి రోజుకు సర్దుతుంది. రిసాల్వర్‌స్టైల్‌ను ‘స్ట్రిక్ట్’ చేయండి. అప్పుడు నమూనాలో సంవత్సరానికి వై అక్షరాల బదులు యు అక్షరాలు వాడాలి. బ్రౌజర్ తేదీ ఫీల్డు తెరమీద ఎలా చూపినా, పంపేది సంవత్సరం-నెల-రోజు క్రమంలోనే.

## తప్పులు చూపేటప్పుడు

తప్పు వస్తే 400 పేజీ వస్తోంది, ఫారం మళ్లీ రావడం లేదు.

కంట్రోలర్ మెథడ్‌లో బైండింగ్‌రిజల్ట్ ఫారం పారామీటర్ పక్కనే, వెంటనే ఉండాలి. మధ్యలో మోడల్ వంటిది మరొకటి పెడితే స్ప్రింగ్ ఆ రెండింటినీ జత చేయదు.

తప్పు వచ్చాక చేర్చిన వరుసలన్నీ మాయమవుతున్నాయి.

వరుసలు జావాస్క్రిప్ట్‌తో పుట్టాయి, సర్వర్ మళ్లీ ఇచ్చిన పేజీకి అవి తెలియవు. టెంప్లేట్‌లో వరుసలను ఫారం వస్తువులోని లిస్టు నుంచి సర్వరే గీయాలి, జావాస్క్రిప్ట్ ఆ సంఖ్య తరువాత నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఒక గృహిణి ఆరుగురి వివరాలు ఫోన్‌లో ఓపికగా నింపి, ఒక్క పిన్ కోడ్ తప్పు వల్ల అన్నీ పోగొట్టుకుంటే ఆమె మళ్లీ ఆ ఫారం తెరవదు. ఇది అలంకారం కాదు, ఫారం పనిచేయడం అంటేనే ఇది.

ఎర్రర్ సందేశాలు తెలుగులో ఎలా ఇవ్వాలి?

వాలిడేషన్‌మెసేజెస్ ఫైలు పేరు చివర తెలుగు భాష కోడ్ చేర్చి మరో ప్రాపర్టీస్ ఫైలు పెట్టండి. జావా 9 నుంచి ఈ ఫైళ్లను యూటీఎఫ్-8గానే చదువుతుంది, కాబట్టి తెలుగులో నేరుగా రాయవచ్చు. సందేశంలో ఏం చేయాలో చెప్పండి. ‘చెల్లని విలువ’ అనే బదులు ‘పిన్ కోడ్ ఆరు అంకెలు ఉండాలి’ అనండి. వరుస సంఖ్య చెప్పేటప్పుడు సూచికకు ఒకటి కలపండి, సున్నా నంబరు సభ్యుడు ఎవరికీ అర్థం కాడు.

## భద్రత, పరిమితులు

హిడెన్ ఫీల్డులో సభ్యుడి ఐడీ పెట్టాను. ప్రమాదమా?

ఐడీ కనిపించడం ప్రమాదం కాదు, దాన్ని నమ్మడం ప్రమాదం. 402 ఫ్లాటు వారు ఐడీ మార్చి 403 వారి సభ్యుణ్ణి సవరించగలరు. ‘ఈ ఐడీ, ఈ ఫ్లాటు’ రెండూ కలిపి వెతికి, దొరికితేనే మార్చండి. బైండింగ్‌ను ఎంటిటీ (డేటాబేస్ టేబుల్‌కు సరిపోలే క్లాసు) మీద నేరుగా చేయకండి. ఎంటిటీలో ‘అడ్మిన్’ అనే ఫీల్డు ఉంటే, ఫారంలో లేకపోయినా ఎవరైనా ఆ పేరుతో పంపగలరు. ఫారానికి విడి క్లాసు పెట్టండి, లేదా సెట్‌అలవ్డ్‌ఫీల్డ్స్‌తో అనుమతించిన పేర్లు చెప్పండి.

పెద్ద ఫారంలో చివరి వరుసలు సర్వర్‌కు చేరడం లేదు.

టామ్‌క్యాట్‌లో ఒక రిక్వెస్టుకు పారామీటర్ల సంఖ్య మీద మ్యాక్స్‌పారామీటర్‌కౌంట్ అనే పరిమితి ఉంది. చాలాకాలం అది 10,000, టామ్‌క్యాట్ 11లో 1,000. వరుసకు ఎనిమిది ఫీల్డులుంటే 125 వరుసలకే 1,000 నిండుతుంది. పాత వెర్షన్లలో పరిమితి దాటినవి చడీచప్పుడు లేకుండా వదిలివేయబడేవి. పోస్ట్ పరిమాణానికి మామూలు పరిమితి 2 ఎంబీ. ఫారంలో వరుసల సంఖ్యను ఒక ఫీల్డుగా పంపి, చేరినవాటితో సర్వర్‌లో పోల్చితే ఈ నష్టం వెంటనే బయటపడుతుంది.

రెండుసార్లు నొక్కితే రెండు రికార్డులు పడుతున్నాయి.

సేవ్ అయ్యాక రీడైరెక్ట్ చేయడం రిఫ్రెష్ సమస్యను తీరుస్తుంది, రెండు క్లిక్కులను ఆపదు. ఫారానికి ఒకసారే చెల్లే టోకెన్ ఇవ్వండి, డేటాబేస్‌లో యూనిక్ నిబంధన పెట్టండి. బటన్‌ను డిజేబుల్ చేయడం అదనపు మర్యాద మాత్రమే.

వినియోగదారుడు రాసినది మళ్లీ చూపేటప్పుడు ఏం జాగ్రత్త?

జేఎస్‌పీలో సీ-అవుట్, థైమ్‌లీఫ్‌లో టెక్స్ట్ గుణం వాడితే హెచ్‌టీఎంఎల్ గుర్తులు మామూలు అక్షరాలుగా కనిపిస్తాయి. జావాస్క్రిప్ట్‌తో వరుసలు గీసేటప్పుడు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో విలువలు కలపకండి, టెక్స్ట్‌కంటెంట్ వాడండి.

## పరీక్షించేటప్పుడు

ఇన్ని రకాలను ఎలా పరీక్షించాలి? చేత్తో నింపలేకపోతున్నాం.

నియమాలను సర్వర్ లేకుండానే పరీక్షించవచ్చు. వాలిడేటర్‌ను జేయూనిట్‌లో సృష్టించి, ఫారం వస్తువు నింపి, వచ్చిన తప్పుల దారి పేర్లు చూడండి: సభ్యులు[1].పేరు అని రావాలి. బైండింగ్‌ను స్ప్రింగ్ పరీక్షా సాధనం మాక్‌ఎంవీసీతో పరీక్షించండి, అందులో పారామీటర్లను పేరుతో సహా మీరే ఇస్తారు. తప్పక ఉండాల్సిన పరీక్షలు ఇవి: ఒక్క వరుస కూడా లేని ఫారం, మధ్యలో సూచిక తప్పిన ఫారం, గరిష్ఠం కన్నా ఒకటి ఎక్కువ వరుసలు, అన్ని టిక్కులూ తీసేసిన సవరణ, ‘సొంతం’ అని చెప్పి యజమాని పేరు కూడా పంపిన రిక్వెస్టు, వేరే ఫ్లాటు సభ్యుడి ఐడీ, నిర్వచనంలో లేని ఫీల్డు, తెలుగులో రాసిన పేరు. ప్రొడక్షన్‌లో (వినియోగదారులు వాడే అసలు సర్వర్‌లో) కొత్త లోపం దొరికిన ప్రతిసారీ దాన్ని సరిచేసే ముందు, ఆ రిక్వెస్టులోని పారామీటర్లతోనే, అసలు వ్యక్తుల వివరాలు మార్చి, విఫలమయ్యే పరీక్ష ఒకటి రాయండి.